గాలిమరల గుట్ట మీద మా బావ

మా కళ్ళజోళ్ళ కొట్టు వెనక గది మరీ ఇరుకు. కళ్ళు పరీక్షించడానికి అక్షరాల బోర్డుకీ మనిషికీ మధ్య ఉండాల్సినంత దూరం అందులో లేదు. అందుకని బోర్డుని కుర్చీ వెనక గోడకి తగిలించి, ఎదుటి గోడకి అద్దం బిగించాం. బోర్డు మీద అక్షరాలు తిరగేసి అచ్చువేసి ఉంటాయి. అద్దంలో చూస్తే సరిగ్గా కనిపిస్తాయి. కుర్చీలో కూర్చున్నవాళ్ళు ముందు తమ మొహం చూసుకుని, జుట్టు సర్దుకుని, ఆ తర్వాత అక్షరాలు చదువుతారు. అందరూ కోరుకునేది ఒకటే, ఏమీ లేదని చెప్పమని. లోపం ఉందని చెప్పమని బతిమాలినవాడు నాకు తెలిసి మా బావ ఒక్కడే.

"ఏదో ఒకటి కనిపెట్టు మరదలా," అన్నాడు కూర్చుంటూ. "చిన్నదైనా ఫర్వాలేదు. ఒక్క కంటికైనా సరే."

ఇంకెవరైనా ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండేది. కళ్ళజోడు రాసిస్తే ప్రపంచం మునిగిపోయినట్టు ఏడ్చేవాళ్ళని రోజూ చూస్తుంటాను. నిక్షేపంలాంటి కళ్ళు పెట్టుకుని లోపం కావాలని వచ్చినవాణ్ణి చెడామడా తిట్టి పంపేదాన్ని. బావని ఏమీ అనలేకపోయాను. ఎందుకో తెలియాలంటే ఆయన సంగతి మొదటినుంచీ చెప్పాలి.

బావ అంటే మా అక్క మొగుడు. మా ఇంట్లో ఆయన పేరు దుర్భిణి. ఆ పేరు పెట్టింది నేనే, ఎదురుగా అనేదీ నేనే. ఎండలో నల్లబడిన మనిషి, మెడ చుట్టూ మాత్రం దుర్భిణి తాడు ఒరుసుకుని ఒక తెల్లని గీత. చదువు అబ్బలేదు. ఊరికి దూరంగా ఒక గుట్టల వరస మీద గాలిమరలు నిలబెట్టిన కంపెనీలో కాపలాదారుగా చేరాడు. రాగి తీగలు ఎవరూ ఎత్తుకుపోకుండా చూడటం ఉద్యోగం. ఎత్తుకుపోయేవాళ్ళెవరూ ఆ గుట్ట ఎక్కేవాళ్ళు కాదు. ఇక చూడటానికి మిగిలింది ఆకాశం, అందులో తిరిగే గద్దలు.

తర్వాత కొన్నాళ్ళకి ఆ మరల రెక్కలు తగిలి పెద్ద జాతి గద్దలు చచ్చిపోతున్నాయని గొడవైంది. ఆ జాతి ఎక్కడా ఎక్కువ మిగల్లేదట. గుట్ట మీద ఒక మనిషిని పెట్టి, ఆ గద్ద వస్తుంటే మర ఆపించాలని కంపెనీకి షరతు పెట్టారు. అయితే అదే గాలిలో మామూలు గద్దలు బోలెడు తిరుగుతుంటాయి. దాని రంగూ అంతే, దీని రంగూ అంతే. ప్రతిదానికీ మర ఆపితే కరెంటు తయారు కాదు. ఏది ఏదో చెప్పగల మనిషి కావాలి. చెప్పగల మనిషి అప్పటికే అక్కడ రాగి తీగలకి కాపలా కాస్తున్నాడు.

బావకి ఇక అదే ఉద్యోగం, అదే ప్రాణం. గుట్ట మీద మడత కుర్చీ, నెత్తిన టోపీ, మెడలో దుర్భిణి, చేతిలో వాకీటాకీ. పెద్ద జాతిని అక్కడివాళ్ళు పెద్దాయన అనేవాళ్ళు. మామూలువాటిని చిల్లర అనేవాళ్ళు. "పెద్దాయన వస్తున్నాడు, ఆపండి" అంటే కింద కంట్రోల్ రూములో మీట నొక్కుతారు. "చిల్లరే, తిరగనీండి" అంటే ఊరుకుంటారు.

మా డాబా మీద ఆయన బట్టలు ఆరేస్తున్నప్పుడు నేను కావాలని పరీక్షలు పెట్టేదాన్ని. "బావా, అదేంటి?" అనడమే ఆలస్యం, నోట్లో క్లిప్పు ఉన్నా సరే, పలికేసేవాడు. ఒక్కోసారి తల పూర్తిగా ఎత్తేవాడు కూడా కాదు. అదే మనిషికి వంటింట్లో ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనిపించదు. "ఆకాశంలో పురుగు కనిపిస్తుంది, అలమరలో డబ్బా కనిపించదు," అని మా అక్క గొణిగేది. "డబ్బా ఎగరదు కదే," అనేవాడు ఆయన.

ఒకసారి అడిగాను, అంత దూరం నుంచి ఎలా తెలుస్తుందని.

"దగ్గరికొచ్చాక ఎవడైనా చెప్తాడు," అన్నాడు. "ముక్కు చూసి, తోక కింద చారలు చూసి చెప్పడానికి పుస్తకం చాలు. అప్పుడు చెప్పి ఏం లాభం? మర ఆగడానికి టైం పడుతుంది. చుక్కలా ఉన్నప్పుడే చెప్పాలి."

"పెద్దది పెద్దగా కనబడదా?"

"పక్కన చెట్టుంటే కనబడుతుంది. మనిషుంటే కనబడుతుంది. ఒట్టి ఆకాశంలో పెద్దదేంటి, చిన్నదేంటి? దగ్గరున్న చిన్నదీ దూరమున్న పెద్దదీ ఒకటే."

ఇంతకీ ఆయన చూసేది రెక్కలు పట్టుకునే తీరు. పెద్దాయన గాలిలో తేలేటప్పుడు రెండు రెక్కలూ బల్లపరుపుగా చాపుతుంది. చిల్లర సగం తెరిచిన పుస్తకంలా రెక్కలు పైకి ఎత్తి పట్టుకుంటుంది. అంతే తేడా. అది చూసి, ఆలోచించి, పోల్చుకుని చెప్పేంత వ్యవధి ఉండదు. చూపు పడగానే నోరు చెప్పేయాలి. ఏళ్ళ తరబడి అలా చెప్పీ చెప్పీ ఆయన నోటికి తనదైన ఆలోచన వచ్చేసింది. ఊరికే మర ఆపించలేదు, ఒక్క పెద్దాయన్నీ పోగొట్టలేదు. కంపెనీవాళ్ళు భుజం తట్టేవాళ్ళు. ఆ తట్టిన చేతుల మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ కంపెనీకే ఇంకో దేశంలో కొత్త గాలిమరలు వచ్చాయి. అక్కడి గుట్టల వెనక రాతి చరియ మీద ఒక గద్దల జంట గూడు కట్టుకుంది. ఆ ప్రాంతంలో ఆ జాతిలో మిగిలింది ఆ జంటే. మరలు నడపాలంటే మంచి కాపలాదారు ఉండాలన్నారు. కంపెనీ బావని పంపించింది.

మా ఇంట్లో పెళ్ళంత హడావిడి. మాలో విమానం ఎక్కిన మొదటి మనిషి ఆయనే. మా అక్క పెట్టెలో ఉన్ని స్వెట్టర్లు కుక్కి కుక్కి దాని మీద కూర్చుంటే గానీ జిప్పు పడలేదు. "మొత్తానికి గద్దల పుణ్యమా అని ఫారిన్ చూస్తున్నావు బావా, మాకేం తెస్తావు?" అన్నాను. "ఈక తెస్తాను, చెవి తిప్పుకో," అన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. చదువు రాలేదని చిన్నచూపు చూసిన మా బాబాయి కూడా ఆ రోజు ఆయన పెట్టె మోశాడు.

ఆదివారాలు ఫోను చేసేవాడు. ఇచ్చిన గది గురించి చెప్పేవాడు. ఒక మంచం, ఒక హీటరు, గుట్టలవైపు తెరుచుకునే కిటికీ. ఆ దేశపు భాషలో తనకి బాగా వచ్చినవి రెండే మాటలనీ, ఆపండి, తిరగనీండి అనేవి తప్ప మూడో మాటతో పని పడటంలేదనీ నవ్వేవాడు.

"ఇక్కడంతా తిరకాసు మరదలా," అన్నాడు ఒకసారి. "మన చిల్లరలా రెక్కలెత్తేది ఇక్కడ పెద్దాయన. మన పెద్దాయనలా చాపేది ఇక్కడ చిల్లర. ఎవడో కావాలని మార్చిపెట్టినట్టుంది."

"మరి నీకు కష్టం కాదూ?"

"కష్టమేముంది? బోర్లా తిప్పుకుంటే సరి. మొన్న పరీక్ష కూడా పెట్టారు. తెర మీద బొమ్మలేసి ఒక్కొక్కటీ అడిగారు. ఒక్కటి తప్పితే ఒట్టు."

నిజమే, తప్పలేదు. పరీక్ష తెర ముందు కుర్చీలో కూర్చుని, ప్రశ్న విని, తలలో తిప్పుకుని జవాబు చెప్పడానికి ఆయనకి వ్యవధి ఉంది. గుట్ట మీద ప్రశ్న ఎవరూ అడగరు. ఆ తేడా అప్పుడు ఆయనకి తోచలేదు, నాకూ తోచలేదు, పరీక్ష పెట్టినవాళ్ళకి అసలే తోచలేదు.

అవతలి గుట్ట మీద ఇంకో కాపలాదారు ఉండేది. ఆ దేశపు మనిషే, పెద్దావిడ. అంతకు ముందు బడి బస్సు నడిపేదట. ఆమెకి ఏదీ ఖాయంగా తెలియదు. కాకి వచ్చినా మర ఆపించేది. ఒకరోజు గాలికి కొట్టుకొచ్చిన ప్లాస్టిక్ సంచిని చూసి మూడు మరలు ఆపించిందని బావ పడీపడీ నవ్వాడు. కంట్రోల్ రూమువాళ్ళు ఆమెని విసుక్కునేవాళ్ళు. బావని చూపించి, చూడు, ఇతను ఎంత కచ్చితంగా చెబుతాడో, నేర్చుకో అనేవాళ్ళు. ఆమె పాపం తలూపేది. మరుసటి రోజు మళ్ళీ కాకికి ఆపించేది.

"పిరికిదే తల్లి," అనేవాడు బావ. "బస్సు కూడా అలాగే నడిపుంటుంది, ప్రతి గేదెకీ బ్రేకు."

నేనూ నవ్వాను. అందరం ఆమెని చూసి నవ్వాం. ఆమె గుట్ట మీద ఒక్క పిట్టా చావలేదు.

వసంతంలో గూట్లో పిల్ల బయటపడింది. దుర్భిణిలో తెల్లటి దూదిముద్దలా కనిపిస్తోందని బావ చెప్పాడు. ఇంట్లో కాన్పు జరిగినట్టు ఆయన గొంతులో అంత ఇది. ఆడ గద్ద గూడు దిగకుండా పిల్లని కాచుకుంటోందట. మగది రోజంతా తిండికి తిరుగుతోందట. చలిగాలికి పిల్ల వణకకుండా తల్లి దాని మీద కూర్చోవాలి, తండ్రి తెచ్చిపెట్టాలి, ఇద్దరూ ఉంటేనే ఆ పిల్ల బతుకుతుందని మా అక్కకి వివరించి వివరించి చెప్పాడు. పిల్లల్లేని దంపతులు వాళ్ళు. మా అక్క ఆ తర్వాత ప్రతి ఆదివారం మొగుడి ఆరోగ్యం కంటే ముందు ఆ పిల్ల సంగతి అడిగేది.

"మన బుజ్జిది ఎలా ఉందండీ?"

"ఈకలు వస్తున్నాయే. రెక్కలు కొట్టి చూసుకుంటోంది."

తర్వాత జరిగింది ఆయన తిరిగొచ్చాక ఒకేఒక్కసారి చెప్పాడు, మా కొట్టులో ఎవరూ లేని మధ్యాహ్నం, బల్ల మీద ఖాళీ ఫ్రేములు వరసగా పేరుస్తూ. మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మబ్బు లేని రోజట. మంచి వెలుతురు. భోజనం డబ్బా మూసి, చేతులు తుడుచుకుంటున్నాడు. ఎడమవైపు ఎత్తులో చుక్క కనిపించింది. రెక్కలు ఎత్తి పట్టుకుని తేలుతూ వస్తోంది. కళ్ళు చూశాయి. చూసింది చూసినట్టే చూశాయి. చెయ్యి వాకీటాకీ మీదకి వెళ్ళింది. "తిరగనీండి," అని నోరు వాళ్ళ భాషలోనే, తప్పు లేకుండా చెప్పేసింది. అవతల మనిషి సరే అన్నాడు.

"సెట్టు కింద పెట్టాను మరదలా," అన్నాడు బావ. "మూత బిగించలేదని మళ్ళీ డబ్బా తీసుకున్నాను. అప్పుడు నాకే వినబడింది, నేనేం చెప్పానో."

సెట్టు లాక్కుని ఆపండి, ఆపండి అని అరిచాడట. వాళ్ళు వెంటనే మీట నొక్కారు. వాళ్ళని అనడానికేం లేదు. మర రెక్క దూరం నుంచి చూస్తే నింపాదిగా తిరుగుతున్నట్టే ఉంటుంది, దాని కొస మాత్రం రైలు కంటే వేగంగా పోతుంది. ఆగడం మొదలైంది గానీ ఆగలేదు. గద్ద కిందికి చూస్తోంది. తిండి వెతికే గద్ద ఎప్పుడూ కిందికే చూస్తుంది, ఎదురుగా చూడదు. బావ టోపీ ఊపాడు, గొంతు చించుకున్నాడు, రాయి విసిరాడు. ఆ దూరానికి రాయి ఏం చేస్తుంది?

శరీరం ముందు పడింది. ఒక రెక్క విడిగా, తిరుగుతూ, తీరిగ్గా దిగిందట.

పడినదాన్ని ఆ గుట్ట కాపలాదారే వెళ్ళి తేవాలని అక్కడి నిబంధన. బావ వెళ్ళాడు. ముళ్ళపొదల్లోంచి రెండు ముక్కలూ ఏరి సంచిలో పెట్టి పట్టుకుని దిగసాగాడు. వెచ్చగా ఉందన్నాడు. కాలి గోళ్ళలో ఒక ఎలుక ఇంకా ఇరుక్కుని ఉందన్నాడు. తండ్రి ఇంటికి తీసుకెళ్తున్న తిండి అది.

అవతలి గుట్ట ఆవిడ తన కుర్చీ వదిలి ఆ గుట్ట దిగి, ఈ గుట్ట ఎక్కి వచ్చిందట. ఒక్క మాట అనలేదట. సంచి రెండో చెవి పట్టుకుని ఆయనతోపాటు కిందిదాకా నడిచిందట. "తిట్టినా బాగుండేది," అన్నాడు బావ.

ఆయన్ని గుట్ట ఎక్కనివ్వలేదు. గదిలో ఉండమన్నారు. కిటికీలోంచి గుట్టలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆడ గద్ద గూడు వదిలి తిండికి వెళ్ళడం, పిల్ల ఒంటరిగా గాలికి ముడుచుకోవడం, తల్లి ఉత్త చేతులతో పరుగున రావడం ఆ పెద్దావిడ చూసి సాయంత్రాలు వచ్చి సైగలతో చెప్పేది. ఒక సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడి ఏ సైగా చెయ్యలేదు. మా అక్క ఆ ఆదివారం "బుజ్జిది ఎలా ఉందండీ" అని అడిగితే ఫోను పెట్టేశాడు.

కంపెనీవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, అదే నాకు మరీ చిరాకు. సూపర్వైజరు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఎండ కళ్ళలో పడిందా అని అడిగాడు. లేదన్నాడు ఈ సత్య హరిశ్చంద్రుడు. మంచు పట్టిందా? లేదు. అయితే మీ ఊరెళ్ళి కళ్ళు చూపించుకోండి అన్నాడు. చూపులో తేడా ఉంటే అద్దాలు పెట్టుకుని మళ్ళీ రండి, ఇక్కడికైనా, మీ గుట్ట మీదికైనా. తేడా లేకపోతే మాత్రం ఏం చెయ్యాలో మాకు తెలియడంలేదు, లేని లోపాన్ని దిద్దలేం కదా అన్నాడు. ఆ మాట అన్నవాడి మీద కోపం తెచ్చుకుందామని చాలాసార్లు ప్రయత్నించాను. న్యాయమైన మాటే.

అలా వచ్చాడు మా బావ. స్వెట్టర్లు కుక్కిన అదే పెట్టె, ఈసారి జిప్పు సులువుగానే పడింది. ఇంట్లో వారం రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. లేచి మొదట అన్న మాట ఇదీ: "కళ్ళే అయ్యుంటాయి. కళ్ళు కాకపోతే ఇంకేమయ్యుంటుంది?"

ఆ రోజు నుంచీ ఆయనకి అదొక్కటే ఆశ. గోడ మీద క్యాలెండరు ఒక కన్ను మూసి చూసేవాడు, రెండో కన్ను మూసి చూసేవాడు. ఎడమది కొంచెం మసక అని మా అక్కతో అనేవాడు. ఆయన గొంతులో ఎంత ఆనందమో ఆ మాటకి. లోపం కళ్ళదైతే దానికి ఒక గాజుముక్క మందు ఉంది. లోపం తనదైతే మందు లేదు. ఇన్నేళ్ళూ దేన్ని నమ్ముకుని బతికాడో అదే చంపిందని ఒప్పుకోవాలి. ఇక జన్మలో ఏ గుట్టా ఎక్కలేడు, ఎవరో ఎక్కనివ్వక కాదు, తనని తను నమ్మలేక. ఇంకో పని రాని మనిషి.

పరీక్ష రోజు పొద్దున్నే మా అక్క ఫోను చేసింది.

"నీ దగ్గరికే పంపిస్తున్నానే. పెద్ద డాక్టరు దగ్గరికి వద్దన్నాను."

"ఎందుకక్కా?"

"ఎందుకేమిటే, అన్నీ విడమరిచి చెప్పాలా? ఏదో ఒక నంబరు పడేయవే. నీ చేతిలో పనే కదా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నా అక్క నన్ను ఎత్తుకుని పెంచింది. నా కాళ్ళ మాట ఆమె నోట రావడమేమిటి? "సరేలే, ఏడవకు," అన్నాను.

అబద్ధమెందుకు, రాసివ్వాలనే అనుకున్నాను. నేనేం సత్యవంతురాలినని ఎవరితోనూ ఒట్టు పెట్టుకోలేదు. గడ్డం ఆనించి కూర్చుంటే లోపల బొమ్మ చూపించే మెషీను మా దగ్గరుంది. ముందు దాని ముందు కూర్చోబెట్టాను. అది చీటీ కక్కింది. రెండు కళ్ళకీ సున్నా. నలిపి చెత్తబుట్టలో వేశాను. మెషీను ఏం చెప్పినా చివరికి కుర్చీలో మనిషి చదివిందే లెక్క, దాన్నిబట్టే రాస్తాం. చత్వారమని రాసిద్దామా అంటే అది దగ్గరచూపుది, గద్దలు పుస్తకంలో ఎగరవు. దూరానికే ఏదో చిన్న తేడా చూపించాలి. నాలుగో వరస దగ్గర ఆయన తడబడితే చాలు. ఆయన చీటీ నలగడం చూశాడు. చూశాడని నేనూ చూశాను.

కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టి, ఎడమ కన్ను మూసేశాను. దీపం వేశాను. అద్దంలో ఆయన మొహం, ఆయన తల పైన అక్షరాలు.

"మెల్లగా చదువు బావా. కనబడకపోతే కనబడలేదను. తొందరేం లేదు," అన్నాను. ఎన్నడూ ఎవరికీ అలా చెప్పలేదు.

"సరే," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. పై అక్షరం చదివాడు. రెండో వరస చదివాడు. మూడో వరస మధ్యలో కావాలని ఆగాడు, కళ్ళు చిట్లించాడు. అంత చక్కగా చిట్లించాడు, నాకు ధైర్యం వచ్చింది. నేను కలం తీశాను.

ఆయన చూపు అద్దంలో కొంచెం కిందికి జారింది. అంతే.

నాలుగో వరస, అయిదో వరస, ఆరో వరస, కుర్రాళ్ళు కూడా తడుముకునే అడుగు వరస గడగడా చదివేశాడు. అక్కడా ఆగలేదు. బోర్డు అంచున అచ్చువేసిన ప్రెస్సు పేరు ఉంటుంది, చీమ తలకాయలంత అక్షరాలు. అది మాత్రం మామూలుగానే అచ్చయింది కాబట్టి అద్దంలో తిరగబడి కనిపిస్తుంది. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ చదవలేదు, అక్కడొకటి ఉందని నేనే మర్చిపోయాను. తిరగబడిన ఆ పేరుని, దాని కిందున్న వీధి పేరుతో సహా, చూపు పడిన క్షణంలో ఆయన నోరు బోర్లా తిప్పుకుని చదివి పెట్టేసింది.

అప్పుడు ఆయనకి వినబడింది. గుట్ట మీద వినబడినట్టే, అంతా అయ్యాక. అద్దంలో ఆయన నన్ను చూశాడు. నేను కలం మూత పెట్టాను.

"నాలుగో దగ్గర ఆపుదామనుకున్నాను," అన్నాడు.

"తెలుసు బావా."

"నేను ఆపే లోపలే..." అని ముక్కు మీద ఫ్రేము సర్దుకున్నాడు. "ఎడమది కూడా చూస్తావా?" అన్నాడు.

"వద్దులే."

ఫ్రేము తీసి నా చేతికిచ్చాడు. నేను రిపోర్టులో ఉన్నదే రాశాను. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగా ఇంకేమీ రాయలేకపోయాను. రాసినా ఆ కళ్ళజోడు ఆయన ముక్కు మీద నిలవదని ఇద్దరికీ తెలిసిపోయింది. నేను కొట్టు ముందు గదిలోకి వచ్చేసరికి ఫోను మోగుతోంది.

"ఏమైందే?" అంది మా అక్క.

"ఏమీ లేదక్కా. రెండూ బాగున్నాయి."

"అయ్యో," అంది మా అక్క. కళ్ళు బాగున్నాయన్న మాటకి ఆ జవాబు నేను ఇంకెక్కడా వినలేదు. తర్వాత ఆమె ఏడుపు వినబడింది. ఫోను చెవిదగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డాను.

బావని బస్సు ఎక్కించడానికి వీధిలోకి వచ్చాను. ట్రాఫిక్కు తగ్గేదాకా కొట్టు అరుగు మీద నిలబడ్డాం. ఎదుటి మేడల పైన ఎత్తులో ఒకటి గుండ్రంగా తిరుగుతోంది, చుక్కలా. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, ఇన్నేళ్ళ అలవాటున, నా పాడు నోరు ఊరుకోక అనేసింది:

"బావా, అదేంటి?"

ఆయన తల ఎత్తకముందే పెదాలు కదిలాయి. గబుక్కున అరచేత్తో నోరు మూసుకున్నాడు, చిన్నపిల్లాడు కొట్టించుకున్నాక మూసుకున్నట్టు. అలాగే మూసుకుని నిలబడ్డాడు. అది మేడల వెనక్కి వెళ్ళిపోయేదాకా చెయ్యి తియ్యలేదు.

"తెలీదు," అన్నాడు తర్వాత.